నీళ్ల వంతు

మిక్సీలో వేస్తే తొక్కు నీరు కక్కుతుంది. అందుకని గురువారం తెల్లవారగానే, ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే, దేవవ్వ వంటింటి మూల దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద చిన్న రాతిరోలు పెట్టుకుంది. కింది ఫ్లాటు వాళ్లకు చప్పుడు పోకూడదు. పండు మిరపకాయలు ముందు రోజే ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, తొడిమలు తీసి ఆరబెట్టింది. ఇప్పుడు గుప్పెడేసి రోట్లో పోసి, ఉప్పూ చింతపండూ వేసి దంచుతుంటే గింజలు ఎగిరి మోచేతుల మీద పడ్డాయి. పడ్డ చోటల్లా మంట. చివర్న మెంతిపొడి, చితక్కొట్టిన వెల్లుల్లి కలిపి, సీసాకు ఎక్కించి, మూతి మీద గుడ్డ కట్టి, సంచిలో చీర మడతల మధ్య దాచింది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా మంట పోలేదు.

ఆ తొక్కు తమ్ముడు అంజికి.

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒమాన్‌లోనే ఉన్నారు. ఆమె మస్కట్‌లో సత్యనారాయణమూర్తి గారింట్లో వంటా, ఇల్లూ, ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటుంది. అతను ఇబ్రి దాటి ఇంకో రెండు గంటల దూరాన, ఎమిరేట్స్ సరిహద్దు పక్కన, సిద్రా అనే చిన్న ఊళ్లో ఖర్జూరం తోటలో పనిచేస్తాడు. ఒకే దేశపు గాలి పీలుస్తూ ఆరేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఫోనైనా సరిగ్గా కలవదు. అక్కడ మసీదు గోడ పక్కన నిలబడితే ఒమాన్ సిగ్నల్ వస్తుంది, రెండడుగులు జరిగితే దుబాయి సిగ్నల్ పట్టుకుని మాట మధ్యలో తెగిపోతుంది.

సోమవారం అన్నాలప్పుడు సారు ఆ ఊరి పేరు ఎత్తాడు. మొన్నటి వానలకు అక్కడి వాదిలో, అంటే కొండవాగులో, నీళ్లు పారుతున్నాయట, ఆఫీసులో ఎవరో ఫోటోలు చూపించారట, మట్టి ఇల్లొకటి అద్దెకిస్తారట. పళ్లాలు తీస్తున్న దేవవ్వ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది.

"సిద్రా అంటే మా తమ్ముడుండే ఊరేనమ్మా. నన్నుగూడ తోల్కపోరాదుండ్రి," అంది.

నాలుగేళ్లలో ఆమె ఆ ఇంట్లో నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. మేడమ్ అన్నపూర్ణ మొగుడి వైపు చూసి, "వస్తే నాకూ సుఖమేగా, అక్కడ వండిపెట్టే దిక్కుండదు. నీ తమ్ముణ్ణీ చూసినట్టుంటుంది. ఓ గంట వదుల్తాంలే," అంది.

ఆ గంటను దేవవ్వ కొంగున ముడేసుకుంది.

శుక్రవారం పొద్దున బయల్దేరారు. కారు వెనక సీట్లో, ఐసు డబ్బాకీ బొగ్గుల సంచికీ మధ్య ఆమెకు చోటు దొరికింది. ఒళ్లో పిండి గిన్నె. ఇబ్రి దాటాక పోలీసుల చెక్‌పోస్టు దగ్గర కార్డులడిగారు. దేవవ్వ బతాకా, అదే ఆ గుర్తింపు కార్డు, ఎప్పుడూ మేడమ్ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. అన్నపూర్ణ తీసి చూపించింది, మళ్లీ జిప్పు లాగి లోపల పెట్టేసింది. ఆ కార్డు మీద తన ఫోటో ఎలా పడిందో దేవవ్వ ఇంతవరకూ సరిగ్గా చూడలేదు.

సిద్రాలో పాతిక ఇళ్లుంటాయేమో. రెండు బోడి కొండల సందులోంచి వాది దిగి వస్తుంది. తెల్లటి గుండ్రాళ్ల మధ్య అక్కడక్కడ పచ్చటి మడుగులు, ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి సన్నగా జారే నీళ్లు. ఆ నీళ్లనే పైన ఎక్కడో మలిపి, కొండ అంచు వెంట మోకాలి లోతు కాలువలో ఊళ్లోకి తెచ్చుకున్నారు. దాన్ని వాళ్లు ఫలజ్ అంటారు. కాలువ ఎంత దూరం పోతే అంత దూరం ఖర్జూరం చెట్లు, అది ఆగిన చోట అవీ ఆగిపోతాయి. అటు పక్కన ఇసుక. ఇసుకలో ఇనుప కంచె. కంచె అవతల ఇంకో దేశం.

మట్టి ఇంటికి కాపలా అజ్మత్ అనే పాకిస్తానీ ముసలాయన. గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటాడు. దేవవ్వ సామాన్లు దించుతూనే అతన్ని హిందీలో మెల్లగా అంజి గురించి అడిగింది. అంజి రూమ్ పక్కనే అతని రూమట. ఆమెను కిందనుంచి పైదాకా చూసి, "అక్కవా? ముక్కు చూస్తేనే తెలుస్తోంది," అని, గడ్డంతో మూడో తోట వైపు చూపించాడు. అడుగు తీసేలోపే మేడమ్ పిలిచింది. ముందు టీ. తర్వాత పిల్లలకు ఉప్మా. తర్వాత కోడిమాంసానికి మసాలా పట్టించడం. అది అయ్యేసరికి చిన్నది మనోజ్ఞ కాలికి ముల్లు గుచ్చుకుంది. ప్రతి పనికీ "ఇదొక్కటీ చేసి వెళ్దువుగానిలే" అంటూనే ఉంది అన్నపూర్ణ, మంచిగానే, నవ్వుతూనే. దేవవ్వ బయటపడేసరికి ఎండ వాలిపోయింది.

మొదట ఆమెకు కనబడినవి అరికాళ్లు. రెండు నిలువుల ఎత్తున చెట్టు మాను పట్టుకుని రెండు అరికాళ్లు, పగుళ్లలో ఎర్రమట్టి. నడుముకు తాడు కట్టుకుని వెనక్కి వాలి, అంజి పోతు చెట్టు పూరెమ్మలను ఆడ గెలల మధ్య దూర్చి పీచుతో కడుతున్నాడు. పిండి లాంటి పుప్పొడి అతని భుజాల మీద రాలుతోంది. వాళ్ల నాయన కూడా అట్లాగే పని చేసేటప్పుడు నాలుక బయటపెట్టేవాడు. అంజి కిందికి చూశాడు. నాలుక లోపలికి పోయింది. ఒక్కో మట్ట మొదలు మీదా కాలు ఆనించుకుంటూ, తొందర లేనట్టు దిగాడు. దిగినవాడు ఆమె దగ్గరకు రాలేదు, కాలువ దగ్గర కూర్చుని చేతులు కడుక్కోసాగాడు.

"అక్కా, దూరం నిలవడు. గిన్నె గిట్ల ఉంటే కడుగుతున్నట్టు చెయ్యి," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె దగ్గర గిన్నె లేదు. కాళ్లు కడుక్కుంటున్నట్టు ఇవతలి గట్టున కూర్చుంది. మధ్యన కాలువ పారుతోంది.

అతను చెప్పింది ఇది. పోయిన నెల ఎడారిలోని ఒంటెల దొడ్డి దగ్గరుండే మనిషికి మస్కట్ నుంచి చుట్టాలు కార్లో వచ్చారు. వాళ్లు వచ్చి పోయిన మర్నాటికి మనిషి లేడు, కంచె దాటేశాడు. అప్పట్నుంచీ తోట యజమాని అర్బాబ్ సుఫియాన్‌కి తన మనుషుల కోసం ఎవరు వచ్చినా కడుపులో మంటే. దొడ్డి ఖాళీగా ఉంది, రోజూ అర్బాబే బండిలో పోయి ఒంటెలకు నీళ్లు పోసి వస్తున్నాడు. ఎవణ్ణి పంపాలా అని చూస్తున్నాడు. "నా పనిల తప్పు దొరకద్దు, గంతే. దొరికితే నన్నే తోలుతడు. నువ్వు సారోళ్ల ఇంటి పనిమనిషివి. నేనెవలో నీకు తెల్వది. ఉన్నన్ని దినాలు గట్లనే ఉండు."

"దొడ్డికాడ ఉన్నవు గద రెండేండ్లు. గంత కష్టమా తమ్మీ?"

అంజి కాలువ అంచున మొలిచిన గడ్డి పీకాడు. పీకిన గడ్డి వేళ్ల మట్టిని నీళ్లలో జాడించి, పక్కన వరసగా పెట్టాడు.

"కష్టం గాదక్కా. మాట్లాడనికి ఎవలుండరు. ఈడికొచ్చిన దినం అజ్మత్ భాయ్ నా పేరడిగిండు. చెప్పుదామంటే నోట్లెకెల్లి రాలె. జర సేపు నిలవడి యాద్ చేసుకున్న."

దేవవ్వ కాళ్లు నీళ్లలో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏడ్చే వీలు లేదు. ఎవరన్నా చూస్తే, కాళ్లు కడుక్కోవడానికి ఏడవడమెందుకు.

అతన్ని దొడ్డి నుంచి తోటకు తెచ్చింది నీళ్ల పనే. వాళ్ల నాయన ఊళ్లో నీరటి. చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎన్ని గడియలు పారాలో చూసి, పారించి కట్టేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఆయన వెనక పారలు మోసినవాళ్లే. ఇక్కడా అదే లెక్క. మసీదు ముందు గుండ్రటి అరుగు, నడుమ ఒక కర్ర, చుట్టూ రాళ్లు. కర్ర నీడ ఏ రాయి మీద ఉంటే ఆ తోట వంతు. ఫోన్లు వచ్చినా ఊరి పెద్దమనుషులు ఆ కర్రనే నమ్ముతారు. అంజి తోట వంతు ఎనిమిది రోజులకొకసారి. రేపు శనివారం, నీడ మూడో రాయి ఎక్కినప్పట్నుంచి ఐదో రాయి ఎక్కేదాకా.

"పది దినాలాయె ఇరవై పిలకలు నాటి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ముఖంలో వెలుగొచ్చింది. "రేపు తడి అందితే నిలుస్తయ్. అందకుంటే ఈ గాలికి మాడుతయ్. ఎట్ల నిలవెట్టిన్నో రేపు వచ్చి చూడు, నాయిన యాదికొస్తడు."

తొక్కు తెచ్చానని ఆమె చెప్పింది. సీసా చేతిలో చూస్తే ఎవరిచ్చారని అడుగుతారు, వంతు అయిపోయాక ఇటే వస్తాను, అప్పుడియ్యి అన్నాడు. మళ్లీ తనే, "దంచినవా, మిక్సీల ఏసినవా?" అని అడిగాడు.

ఆమె ఎర్రగా పొంగిన మోచేతులు చూపించింది. అంజి నవ్వాడు. ఆరేళ్ల తర్వాత చూసిన నవ్వు. పైన ఒక పన్ను లేదు. అది ఎప్పుడు పోయిందో అడుగుదామనుకునేంతలో మట్టి ఇంటి వైపు నుంచి అన్నపూర్ణ గొంతు వినిపించింది, బొగ్గులు అంటుకోవడం లేదట.

శనివారం పొద్దున సారువాళ్లు ముందుగా వెళ్లిపోయారు. దేవవ్వ పూరీలు వేయించి, గుడ్లు ఉడకబెట్టి, అన్నీ డబ్బాలకెత్తుకుని వెనకాల బయల్దేరింది. తొక్కు సీసా కూడా చేతి సంచిలో వేసుకుంది. మసీదు ముందు నుంచి పోతూ అరుగు మీద చూసింది. నీడ రెండో రాయి మీద ఉంది.

వాది మడుగుల్లో పాచి ఉందని, పాములుంటాయేమోనని అన్నపూర్ణకు భయం. కాలువ నీళ్లయితే అద్దంలా ఉన్నాయి. కానీ మోకాలి లోతులో పిల్లలేం ఆడతారు? సత్యనారాయణమూర్తి సివిల్ ఇంజనీరు. కూర్చోవడానికి తెచ్చిన ప్లాస్టిక్ చాపను చుట్టగా చుట్టి, రేగు చెట్టు కింద కాలువకు అడ్డంగా దించి, మీద గుండ్రాళ్లు పేర్చాడు. పదకొండేళ్ల ప్రణయ్ రాళ్లు అందించాడు. నీళ్లు పైకి లేచి గట్టు పొర్లి వాదిలోకి దూకుతున్నాయి. పిల్లలు నడుం లోతున కేరింతలు కొడుతున్నారు. సారు లాగు తడుపుకుని, ఫోన్ ఎత్తి పట్టుకుని, "డ్యామ్ ఓపెనింగ్ సెరిమనీ" అంటూ వీడియో తీస్తున్నాడు.

దేవవ్వ కట్టకు ఇవతల చూసింది. కాలువ అడుగు బయటపడింది. వేలెడేసి చేపలు రెండు తడి సిమెంటు మీద ఎగిరెగిరి పడుతున్నాయి.

"అమ్మా, నీళ్లు ఆపద్దమ్మా. ఇయ్యాల పొద్దుగాల మా తమ్ముని తోట వంతు," అంది అన్నపూర్ణ దగ్గరకు పోయి.

"నీళ్లెక్కడికి పోతాయి దేవవ్వా. అరగంట. అంత దూరం నుంచి వచ్చారు, ఆడుకోనీ."

సారుకు చెప్పింది. ఆయన ఫోన్లోంచి కళ్లు తీయకుండానే, ఇదేమన్నా మీ ఊరి చెరువనుకున్నావా అని నవ్వాడు. ఆమె వంగి ఒక రాయి తీసింది. ప్రణయ్ "డాడీ, అవ్వ చెడగొట్టేస్తోంది" అని అరిచాడు. అన్నపూర్ణ ఈసారి నవ్వలేదు. "గుడ్లు వలిచి పెట్టు ముందు," అంది.

దేవవ్వ చెట్టు కింద కూర్చుని గుడ్లు వలిచింది. పన్నెండు గుడ్లు. వేళ్లకింకా మిరపకాయ మంట ఉంది, వేడి గుడ్డు పట్టుకుంటే అది రేగుతోంది. ఒక్కో గుడ్డునూ పెంకు పొర కూడా మిగలకుండా వలిచింది. చేపలు ఎగరడం మానేశాయి. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు ఆ పన్నెండు గుడ్లే కళ్ల ముందుకొచ్చేవి. కట్ట తన్నేయడానికి ఒక్క కాలు చాలు. ఆమెకు రెండున్నాయి.

ఎండిన కాలువలో నడుచుకుంటూ అంజి వచ్చాడు. భుజం మీద పార. మనుషుల ముఖాలు చూడటం లేదు, కాలువ అడుగు చూసుకుంటూ వస్తున్నాడు. చాప దగ్గరికి వచ్చి ఆగి, తలెత్తి, పార పక్కన పెట్టి సారుకు రెండు చేతులూ జోడించాడు. పది నిమిషాలాగు, పిల్లలు దిగిపోతారు అన్నాడు సారు హిందీలో. అంజి తల ఊపాడు. ఊపి, మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు తీయడం మొదలుపెట్టాడు. సారు గొంతు పెరిగింది. చెప్తుంటే అర్థం కావడం లేదా, ఎవడ్రా నువ్వు, అని. అంజి వినబడనట్టు ఒక్కో రాయీ తీసి గట్టు మీద పెడుతున్నాడు.

దేవవ్వ లేచింది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి కాలువలో దిగి, అవతలి కొస పట్టింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. చిన్నప్పుడు మడి గండి తెంపేటప్పుడు ఎట్లా చేసేవాళ్లో అట్లాగే, అతను బరువైన రాయి కదిలిస్తే ఆమె కిందనుంచి చెయ్యి పెట్టేది. ఒక్కసారి మాత్రం, "చాప గుంజు, చాప గుంజు తమ్మీ," అంది.

సరిగ్గా అప్పుడు గట్టు మీద సుఫియాన్, అతని పక్కన ఊరి నీళ్ల పెద్ద వచ్చి నిలబడ్డారు. వెనక కాఫీ ఫ్లాస్కుతో అజ్మత్. కింది తోట వాళ్లెవరో కాలువ ఎండిందని చెప్పి ఉంటారు. వాళ్లకు కనబడింది ఒకటే. నీళ్లు గట్టు పొర్లి వాది పాలవుతున్నాయి. కాలువలో అడ్డంగా చాప. చాప మీద రెండు కొసలా చేతులు వేసి ఇద్దరు పనివాళ్లు.

సారు తువ్వాలు చుట్టుకుని, నవ్వుతూ ఎదురెళ్లి సలాం చెప్పి చేయి కలిపాడు. ఇంగ్లీషులో ఏదో చెప్పసాగాడు. దేవవ్వకు ఇంగ్లీషు రాదు. కానీ 'మెయిడ్' అన్న మాట తెలుసు, 'విలేజ్' అన్న మాట తెలుసు. ఆయన చెయ్యి తన వైపు చూపించడమూ, తర్వాత విచారంగా తలాడించడమూ చూసింది.

అజ్మత్ ఆమె దగ్గరకు వంగి, "గిన్నెలు తోముకోవడానికి నువ్వే కట్టావంటున్నాడు. నిజమేనా?" అన్నాడు.

దేవవ్వ మేడమ్ వైపు చూసింది. అన్నపూర్ణ మనోజ్ఞ తల తుడుస్తోంది. ఆరిపోయిన తలనే గట్టిగా, మళ్లీ మళ్లీ తుడుస్తోంది. ప్రణయ్ నీళ్లలో నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఇంకా ఒక రాయి ఉంది.

"హా. మైనే కియా," అంది దేవవ్వ. తన మీదికి వస్తే ఇక్కడితో తెగిపోతుందనుకుంది. ఊరికి కొత్తది, పనిమనిషి, బుద్ధి లేనిది. ఇంకేం చేస్తారు.

సుఫియాన్‌కి కోపం రాలేదు. ఆమె వంక చూడనైనా లేదు. అంజిని అరబ్బీలో నెమ్మదిగా ఏదో అడిగాడు. అంజి తల వంచుకున్నాడు. మళ్లీ అడిగాడు, అజ్మత్ ఆమెకు హిందీలో మెల్లగా చెప్పాడు. నీ వంతు పూట నీళ్లు కట్టేస్తుంటే నువ్వెక్కడున్నావు, ఇప్పుడామెతో కలిసి నీళ్లలో ఏం చేస్తున్నావు, మీ ఇద్దరూ ఏ భాష మాట్లాడుకుంటున్నారు. అంజి పెదాలు కదిలాయి. మాట రాలేదు. నోట్లెకెల్లి రాలె అన్నాడే నిన్న, ఇదే అది.

పాపం అజ్మత్ మంచి చేయబోయాడు. గడ్డం పట్టుకుని బతిమాలుతూ, వాళ్లిద్దరూ అక్కాతమ్ముళ్లని, ఆరేళ్లకు కలిశారని, ఈ ఒక్కసారికి క్షమించమని చెప్పాడు.

సుఫియాన్ ముఖంలో మర్యాద అలాగే ఉంది గానీ కళ్లు మారాయి. ఆ కళ్లు ముందు అంజిని చూశాయి, తర్వాత రేగు చెట్టు కింద నిలిపిన మస్కట్ కారును చూశాయి, తర్వాత ఇసుక మీది కంచె వైపు పోయాయి.

దేవవ్వకు ఎవరూ తెలుగులోకి మార్చి చెప్పనక్కర లేకపోయింది. ఆమె వంగి కాలువలోంచి దోసెడు నీళ్లు తీసుకుంది. నీళ్ల పెద్ద ఎదుట ఆ దోసిలి పట్టుకుని నిలబడింది.

"ఈ నీళ్ల మీద ఒట్టు," అంది, తెలుగులోనే. "గీన నా తమ్ముడు గాడు. ఎవలో నాకు తెల్వది. మా అవ్వకు నేనొక్కదాన్నే." ఆ తర్వాత సుఫియాన్ వైపు తిరిగి, "భాయ్ నహీ. కోయీ నహీ," అని దోసిలి విడిచింది.

నీళ్లు ఆమె పాదాల మీద పడ్డాయి. వాళ్ల ఊళ్లో దోసిలి పట్టి అట్లా నీళ్లు వదిలేది చచ్చిపోయినవాళ్లకు. అది అంజికీ తెలుసు. అతను ఆమెను చూడలేదు, పడుతున్న నీళ్లను చూశాడు.

అజ్మత్ నేల చూస్తూ, భాష ఒకటే అయ్యేసరికి తనే పొరబడ్డానని గొణిగాడు. నీళ్ల పెద్ద చేత్తో చాలన్నట్టు సైగ చేశాడు. నీళ్ల మీద చేసిన ఒట్టును ఆయన కాదనలేదు. సుఫియాన్ సారుతో, మీరు అతిథులు, పిల్లలు సంతోషంగా ఉన్నారు గదా, అదే కావాలి అన్నాడట. అందరికీ చిన్న గిన్నెల్లో కాఫీ పోశారు, పళ్లెంలో ఖర్జూరాలు పెట్టారు. సారు రెండో గిన్నె కూడా తాగాడు.

అంజి చాప పూర్తిగా లాగేసి, పార ఎత్తుకుని, మళ్లీ పారుతున్న నీళ్ల వెనకే కాలువ వెంట వెళ్లిపోయాడు. దేవవ్వ పళ్లాలు సర్దుకుని వచ్చేటప్పుడు అరుగు మీద చూసింది. నీడ ఐదో రాయి మీదికి ఎక్కుతోంది. దూరాన మూడో తోట మూతి దగ్గర అంజి కనిపించాడు. అతని తోటలోకి అప్పుడే మొదటి నీళ్లు వస్తున్నాయి. ఎండిన కాలువ తాగింది తాగగా మిగిలినవి, పిలకల వరస దాకా కూడా పోలేదు. అతను నీడ వైపు ఒకసారి చూసి, రాయీ గోనెగుడ్డా తీసుకుని, ఆ మూతి తన చేత్తోనే మూసి పక్క తోటకు నీళ్లు విడిచాడు.

మధ్యాహ్నం సామాన్లు కారుకెక్కిస్తున్నప్పుడు దేవవ్వ అజ్మత్‌ను పక్కకు పిలిచింది. ఒట్టు నమ్మాడా మీ అర్బాబ్ అని అడిగింది. నమ్మాడన్నాడు అజ్మత్. ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అయితే దొడ్డికి పంపడు కదా అంది.

అజ్మత్ బొగ్గుల సంచి కారులో పెట్టి, చేతులు దులుపుకుని, ఆ చేతుల్నే చూసుకుంటూ చెప్పాడు. దొడ్డికి అంజి అని గురువారమే ఖాయమైపోయింది. అంజికి చెప్పలేదంతే, ముందే చెప్తే మనిషి పారిపోతాడని. బండిలో గడ్డి కట్టలూ, నీళ్ల డ్రమ్మూ నిన్నటి నుంచే వేసి ఉన్నాయి. "నీళ్లు ఆగినా పంపేవాడే. ఆగకపోయినా పంపేవాడే. నువ్వు అక్కవైనా ఒకటే, కాకపోయినా ఒకటే బెహన్."

తొక్కు సీసా తను ఇస్తానులే, తెమ్మన్నాడు అజ్మత్. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. సీసా చేతికి తగిలింది. ఎవరు పంపారంటావు అంది. ఆమె చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

ఊరు దాటే చోట, కాలువ మీది ఇరుకు కల్వర్టు దగ్గర సుఫియాన్ బండి ఎదురైంది. సారు కారు పక్కకు తీసి దారి ఇచ్చాడు. ఇద్దరూ చేతులెత్తి నవ్వుకున్నారు. బండి వెనక గడ్డి కట్టల మధ్య, నీళ్ల డ్రమ్మును ఆనుకుని అంజి కూర్చున్నాడు. ఒళ్లో దుప్పటి మూట. వెనక సీటు కిటికీలోంచి దేవవ్వ ముఖానికీ అతని ముఖానికీ మధ్య ఒక మూర దూరం కూడా లేదు. అతను ఆమెను చూశాడు. రోడ్డు మీద ఎదురైన ఏ కారులోని ఏ మనిషినైనా ఎట్లా చూస్తారో అట్లా చూశాడు, ముఖంలో ఒక్క గీత కదలకుండా. ఆమె నీళ్ల మీద చెప్పిన మాటను నిలబెట్టాడు. తర్వాత తలకు చుట్టుకున్న గుడ్డ ముక్కు దాకా లాక్కున్నాడు. బండి ఇసుక దారి పట్టింది.

"అవ్వా, ఆ అంకుల్ మీ తమ్ముడే కదా?" అన్నాడు ప్రణయ్ ముందు సీటు మీంచి వెనక్కి తిరిగి.

"కాదు బిడ్డా," అంది దేవవ్వ.

అప్పుడు అన్నపూర్ణ, "అంత మాట అనేశావేంటి దేవవ్వా, సొంత తమ్ముణ్ణి పట్టుకుని," అంది. ఆ గొంతులో నిజమైన జాలే ఉంది. "నేనైతే అనలేనమ్మా." సారు అద్దంలోంచి వెనక్కి చూసి, ఈ దేశంవాళ్లు ఎంత మర్యాదస్తులో చూశావా, ఇంకోచోట అయితే పెద్ద గొడవయ్యేది అన్నాడు.

ఇబ్రి ఇంకా అరగంట ఉందనగా తుమ్మ చెట్టు నీడన కారాపారు. పెరుగన్నం డబ్బా తీశారు. ఆవకాయ సీసా మట్టి ఇంట్లోనే మరిచిపోయి వచ్చారు. నంజుకోవడానికి ఏం లేదని సారు విసుక్కున్నాడు. అన్నపూర్ణ పేపరు ప్లేట్ల కోసం సంచులు వెతుకుతూ దేవవ్వ చేతి సంచి తెరిచింది. గుడ్డ కట్టిన మూతి చూసి, విప్పి వాసన చూసింది.

"పండుమిరపకాయ తొక్కు. చెప్పవేం? ఎవరికి చేశావు?"

దేవవ్వ ఆమె చేతిలోంచి సీసా అందుకుంది.

"ఎవలకు లేదమ్మా."

చెంచాతో అందరికీ వడ్డించింది. ముందు సారుకు, తర్వాత మేడమ్‌కు. కారమని మనోజ్ఞకు గోటంత. ప్రణయ్ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి నాకొద్దన్నాడు. వాడు అన్నం కూడా తినలేదు, ప్లేటు పట్టుకుని దేవవ్వ మోచేతుల మీది ఎర్రటి మచ్చలను చూస్తూ కూర్చున్నాడు. సారు కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాడు. రోట్లో దంచిన రుచే వేరన్నాడు, ఇంకో చెంచా వేయమన్నాడు. ఆమె వేసింది.

అన్నాలయ్యాక గిన్నెలు కడగడానికి అన్నపూర్ణ నీళ్ల క్యాను మూత తీసి ముందుకు జరిపింది. దేవవ్వ క్యాను మీద మూత మళ్లీ పెట్టేసింది. గిన్నెలు తీసుకుని చెట్టు అవతలికి పోయి కూర్చుని, దోసెడు ఇసుక ఎత్తి పోసుకుని తోమడం మొదలుపెట్టింది.